రెండు మోకుల నడుమ పోలయ్య

ఒకే మనిషిని రెండుసార్లు లెక్కపెట్టినప్పుడు, ఆ రెండో మనిషి ఎక్కడ కాపురం ఉంటాడు?

ఈ ప్రశ్న మొదట వేసింది నేను కాదు, మా మేనత్త జ్ఞానమ్మ. ఉప్పలగుప్తానికి దిగువన మా ఊరి కాలువగట్టు మీద, ఊరంతా వింటుండగా, సర్కారు ఓవర్సీరును అడిగింది. ఆయన జవాబు చెప్పలేదు. ఆ తరువాత నేను ఇదే ప్రశ్నను ఒక తాసీల్దారునూ, ఇద్దరు బడిపంతుళ్లనూ, తర్కం చదివానని చెప్పుకొనే ఒక బంధువునూ అడిగాను. తాసీల్దారు నవ్వాడు. పంతుళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బంధువు, ప్రశ్నలోనే దోషం ఉందన్నాడు. దోషం ప్రశ్నలో లేదు.

మా ఊళ్లో ఇప్పుడు ఈ కథను వేరే విధంగా చెప్పుకొంటున్నారు. ఓవర్సీరు దయగలవాడట. పోలయ్య కన్నీళ్లు చూసి కరిగిపోయి పడవ వదిలేశాడట. పోలయ్య ఏడవలేదు. ఓవర్సీరు కరగలేదు. ఆ రోజు గట్టు మీద ఉన్నవారిలో రాయడం వచ్చినదాన్ని నేనొక్కతెనే మిగిలాను గనుక, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

గోదావరి మీద ఆనకట్ట లేచి, కోనసీమలోకి కాలువలు కొత్తగా దిగిన రోజులవి. మా ఊరి గడపలు ఇరవైనాలుగు. కాలువ ఎగువ నుంచి దిగువకు ప్రతి గడపకూ ఒక వరుస సంఖ్య వేశారు. మనిషిని పేరుతో కన్నా సంఖ్యతో పిలవడం సర్కారువారికి సులువు. మాది నాలుగో గడప. మా నాన్నగారు కామేశంగారు ఊరి కరణం. జ్ఞానమ్మ ఆయనకు అక్క. చిన్ననాడే భర్త పోగా పుట్టింటికి చేరి, తండ్రి దగ్గర గణితమూ పంచాంగమూ నేర్చుకున్నది. ఆమెకు అణకువ తక్కువని ఊళ్లో పేరు. ఆ పేరు న్యాయమైనదే. తెలిసినదాన్ని తెలియనట్టు నటించడం ఆమెకు చివరిదాకా చేతకాలేదు.

ఊళ్లో పద్నాలుగు గడపలవారు కాలువ నీటితో పొలాలు తడుపుకొనేవారు. పది గడపలవారు కాలువలో పడవలు నడిపేవారు. తూము వంతులు చెప్పడానికి నాన్నగారు ఒక కొబ్బరిచిప్పలో నీటి గడపకొక చింతగింజ చొప్పున వేసి ఉంచేవారు. పడవల రేవు వంతులకు మరో చిప్ప. పద్ధతి బాగానే సాగింది, ఆ రెండు చిప్పలూ వేరువేరుగా ఉన్నంతకాలం.

ఆ ఏడు భాద్రపదంలో ముసురు పట్టి, ఊరికి ఎగువన కాలువగట్టుకు గండి పడింది. ఉత్తరువు వచ్చింది: కాలువ నీటినో, కాలువ దారినో వాడుకొనే ప్రతి గడప నుంచీ ఒక మనిషి గండి పూడ్చడానికి రావాలి. ఎందరు వస్తారో కరణం ముందుగా చెప్పాలి. నాన్నగారు రెండు చిప్పలనూ ఒకే పీట మీద బోర్లించి గింజలు లెక్కపెట్టారు. ఇరవైనాలుగు.

"చూశావుటోయ్," అని తలారితో అన్నారు, "ఊరి గడపలు ఇరవైనాలుగు, గింజలు ఇరవైనాలుగు. ఎంత ముచ్చటగా సరిపోయిందో!"

సరిపోయిన లెక్కను ఎవరూ రెండోసారి ప్రశ్నించరు. అది మనిషి బలహీనత. నాన్నగారు అబద్ధమాడే మనిషి కారు. ఆ ముచ్చటే ఆయన కళ్లు కప్పింది.

మర్నాడు గండి దగ్గర జరిగినది, మా వాకిట్లోకి పరుగెత్తుకొచ్చిన కాంతం నోట విన్నాను. కాంతం పద్దెనిమిదో గడప పోలయ్య భార్య. ఆమె చెప్పినది తరువాత గట్టు మీద పదిమంది చెప్పినదానితో ఒక్క మాట తేడా లేకుండా సరిపోయింది.

ఓవర్సీరు తన దగ్గరున్న రెండు పట్టీలలో ముందుగా నీటి గడపల సంఖ్యలు పిలిచాడట. పద్నాలుగు మందీ పలికి ఒక పక్కన నిలబడ్డారు. తరువాత పడవల గడపలు పిలిచాడు. తొమ్మిదో సంఖ్య వచ్చేసరికి, నీటివాళ్లలో నిలబడి ఉన్న సత్తియ్య మళ్లీ పలికాడు. "నువ్వు అటువాడివి, ఇటు తొమ్మిది ఎవడు?" అని ఓవర్సీరు గద్దించేసరికి, సత్తియ్య గొడవెందుకని తమ్ముణ్ణి పిలిపించి నిలబెట్టాడు. పద్నాలుగో గడప ముత్యాలరాజుగారికీ అదే పని అయింది. ఆయన పాలేరును పంపించారు. పద్దెనిమిదో గడపకు తమ్ముడూ లేడు, పాలేరూ లేడు.

"పద్దెనిమిది!"

"ఆయ్, వచ్చేనండి," అన్నాడట పోలయ్య.

"నువ్వు నీళ్లవాళ్లలో వచ్చావు. పడవవాళ్లలో పద్దెనిమిది ఎవడు?"

"ఆడూ నేనేనండి."

"నువ్విక్కడున్నావు కదా, అక్కడెవడున్నాడు?"

"అక్కడా నేనేనండి బాబూ. మా ఇంటికి మొగోణ్ణి నేనొక్కణ్ణే."

పక్కనున్న బంట్రోతు, "అంటే పోలయ్య వచ్చేడు, పోలయ్య రాలేదన్నమాట!" అని నవ్వాడట. ఓవర్సీరు నవ్వలేదు. కరణం ఇరవైనాలుగన్నాడు, ఇరవైముగ్గురే వచ్చారు. రానివాడి పడవ జప్తు చేసి అమలాపురం పంపమని ఆజ్ఞ ఇచ్చాడు. మోకాలి లోతు బురదలో తట్ట నెత్తిన పెట్టుకొని నిలబడి ఉన్న పోలయ్య, తాను రాలేదన్న మాట ఆ విధంగా విన్నాడు.

"పొద్దుగూకేలోగా పడవ తోలుకుపోతారంటండి," అన్నది కాంతం, వాకిట్లోని స్తంభం పట్టుకొని. "ఆ పడవ లేకపోతే ఏటి నడుమ లంకలోని చేలోకి ఎలాగెళ్తామండీ? అంబాజీపేట సంతకి కొబ్బరికాయ ఎవరేసుకెళ్తారండీ? కరణంగారూ, మీరొక్క మాట సెప్పండి."

నాన్నగారి ముఖం వాడిపోయింది. "సర్కారు లెక్క కాంతం. నేనేం చేసేది? ఇరవైనాలుగు గడపలకీ ఇరవైనాలుగు సరిపోయేయి. ఒకటి తగ్గిందంటే ఎవరో రానట్టే కదా."

అప్పుడు అత్తయ్య లోపలి నుంచి వసారాలోకి వచ్చింది. ఆ రోజు ఏకాదశి, సోమవారం కూడా. ఆమెకు రెండు రోజులూ ఉపవాసాలే.

"కామేశం," అన్నది, "ఈ వేళ నాకు ఏకాదశి ఉపవాసం."

"అవును అక్కయ్యా."

"సోమవారం ఉపవాసం కూడా."

"అవును."

"అయితే నేను ఎన్ని రోజులు మాడాలి? నీ చిప్పల పద్ధతిలో చెప్పు."

నాన్నగారు వేళ్లు మడవబోయి ఆగారు.

"ఏకాదశి గింజ ఒక చిప్పలో ఉంది. సోమవారం గింజ ఇంకో చిప్పలో ఉంది. రెండూ బోర్లిస్తే రెండు రోజులు. నాకున్నది ఒక పొట్ట, ఇవాళ ఒక రోజు. నీ చింతగింజకి గడప సంఖ్య ఉందిట్రా? ఏ గింజ ఎవరిదో దానికేం తెలుసు?"

తరువాత కాంతం వైపు తిరిగి, "పద," అన్నది.

వితంతువు పట్టపగలు మగవాళ్ల మధ్యకు వెళ్లడం గురించి మా ఊళ్లో ఆ తరువాత చాలాకాలం మాట్లాడుకొన్నారు. ఆమె ఎందుకు వెళ్లిందన్న దాని గురించి అందులో సగం కూడా మాట్లాడలేదు. నేను వెనకాలే వెళ్లాను. నాన్నగారు కొంచెం ఎడంగా వచ్చారు.

మేము చేరేసరికి బంట్రోతు పోలయ్య పడవను కట్టుగుంజ నుంచి విప్పి, కొబ్బరిపీచు మోకును భుజాన వేసుకొని ఉన్నాడు. అత్తయ్య నేరుగా వెళ్లి ఆ మోకు కొస పట్టుకున్నది.

"ఓవర్సీరుగారూ, దీన్ని కాసేపు అరువివ్వండి. పడవ ఎక్కడికీ పోదు, దానికి కాళ్లు లేవు. గండి గుంజలు లాగే మోకు కూడా కావాలి."

ఓవర్సీరు రాజమండ్రి వైపు మనిషి. పెద్దింటి స్త్రీని కసరడం ఎలాగో తెలియక, "ఎందుకమ్మా?" అన్నాడు.

"మీ లెక్క మీకు చూపించడానికి."

ఆమె ఆ రెండు మోకులనూ గట్టు మీద చదునైన చోట రెండు చుట్లుగా, ఎడమెడంగా వేయించింది. "కుడి చుట్టు నీటి గడపలది, ఎడమ చుట్టు పడవల గడపలది. గడపకొక్కరే. ఎవరి గడప సంఖ్య వాళ్లు చెప్పి, ఎవరి చుట్టులో వాళ్లు నిలబడండి. సత్తియ్యా, మీ తమ్ముణ్ణి పక్కకు రమ్మను. ముత్యాలరాజుగారూ, మీ పాలేరు కూడా కాస్త కూర్చుంటాడు, పాపం అలిసిపోయాడు."

జనం వేడుక చూస్తున్నట్టు కదిలారు. ఒకటి, రెండు, మూడు, అయిదు, ఆరు కుడిచుట్టులోకి వెళ్లాయి. ఏడు ఎడమ. ఎనిమిది కుడి. తొమ్మిది అని పలికి సత్తియ్య రెండు మోకుల నడుమ ఖాళీ నేల మీద నిలబడిపోయాడు.

"ఎటెళ్లమంటారండీ?"

"నీకు కాలువ నీరుందా?"

"ఉందండి."

"పడవ ఉందా?"

"అదీ ఉందండి."

"అయితే నువ్వే చెప్పు ఎటెళ్లాలో."

పద్నాలుగో గడప ముత్యాలరాజుగారు వచ్చి సత్తియ్య పక్కన నిలబడ్డారు. కుడివాళ్లు "రాజుగారూ, ఇటండీ" అని పిలిచారు. ఎడమవాళ్లు "పడవ మాతో పాటే కడతారు కదండీ, ఇటు రండి" అన్నారు. పద్దెనిమిదో గడప వంతు వచ్చింది. పోలయ్య ముందు కుడిచుట్టులోకి వెళ్లాడు. ఎడమవాళ్లు అరిచేసరికి గెంతి ఎడమచుట్టులోకి వచ్చాడు. మళ్లీ ఇటు తిరిగాడు.

"ఓ కాలక్కడా, ఓ కాలిక్కడా వెయ్యవోయ్ పోలయ్యా!" అన్నారెవరో.

పోలయ్య నిజంగానే ప్రయత్నించాడు. తడిగట్టు మీద కాళ్లు రెండు వైపులకూ జారి చతికిలబడ్డాడు. జనం విరగబడి నవ్వారు. అతనూ నవ్వాడు. కాంతం నవ్వలేదు, పడవ వైపే చూస్తూ ఉంది.

నవ్వులు ఆగాక అత్తయ్య మిగిలిన గడపలవారిని కూడా వారి వారి చుట్లలోకి పంపింది. తరువాత వంగి, ఎడమ మోకు అంచు పట్టుకొని కుడిచుట్టు మీదకు లాగింది. రెండు చుట్లూ ఒకదాని మీదికొకటి ఎక్కాయి. నడుమ, రెండు మోకులూ కలిసి చుట్టుకొన్న చిన్న చోటు ఒకటి ఏర్పడింది.

"ముగ్గురూ అందులో నిలబడండి," అన్నది.

సత్తియ్య, ముత్యాలరాజుగారు, పోలయ్య ఆ చోట నిలబడ్డారు. ఇప్పుడు కుడివాళ్లు అరవలేదు, ఎడమవాళ్లు అరవలేదు. ముగ్గురూ కుడిచుట్టులోనే ఉన్నారు. ముగ్గురూ ఎడమచుట్టులోనూ ఉన్నారు. ఎవరూ ఎక్కడికీ గెంతనక్కరలేదు.

నేను అప్పటికి కొంత చదివినదాన్ని, ఆ తరువాత చాలా చదివాను. అంత సరళమైన, అంత సంపూర్ణమైన సమాధానాన్ని ఇంకెక్కడా చూడలేదు. ఒక మోకు అంచు పట్టుకొని ఆమె మూడు మూరలు లాగింది. అంతే. ఊరంతా తలలు బద్దలు కొట్టుకొన్న చిక్కు ఆ మూడు మూరలలో విడిపోయింది.

ఓవర్సీరుకు మాత్రం విడలేదు. "ఇదంతా బాగుందమ్మా. కానీ కరణంగారు చెప్పిన లెక్క ఇరవైనాలుగు. ఊరి గడపలూ ఇరవైనాలుగు. రెండూ సరిపోయాయి కదా!"

"అంటే ఊళ్లో అన్ని గడపలూ ఈ మోకుల్లో ఉన్నట్టేనా?"

"ఉండాలి."

"మాది నాలుగో గడప. మా తమ్ముడు కరణం గనుక మాకు వంతు లేదు. మాకు తూము నీరూ లేదు, పడవా లేదు. ఈ చుట్లలో మా గడప మనిషి ఎవరో చూపించండి. పదకొండు అర్చకులవారిది. ఇరవై కుమ్మరివారిది. వాళ్లను కూడా చూపించండి."

ఓవర్సీరు చుట్ల వైపు చూశాడు. ఆ మూడు గడపల మనుషులూ మోకుల బయట ఉన్నారు. అర్చకులు గొడుగు కింద, కుమ్మరి వేపచెట్టు దగ్గర, మా నాన్నగారు అందరికన్నా దూరంగా.

"బయట మూడు గడపలు ఉండగా లోపల ఇరవైనాలుగు ఎలా వచ్చాయి? నడుమ మూడు గడపల్ని మీరు రెండేసిసార్లు పిలిచారు గనుక. బయట మూడూ, నడుమ మూడూ కావడం వల్ల మీ లెక్క సరిపోయినట్టు కనబడింది. ఓవర్సీరుగారూ, ఒకే మనిషిని రెండుసార్లు లెక్కపెట్టారు. ఆ రెండో పోలయ్య ఎక్కడ కాపురం ఉంటాడో చెప్పండి. నేనే వెళ్లి పిలుచుకొస్తాను."

ఓవర్సీరు తలపాగా సర్దుకొన్నాడు. తరువాత గొంతు మార్చి మెత్తగా అన్నాడు: "సరే అమ్మా. పేదవాడు. దయతలచి పడవ వదిలేస్తున్నాను. లెక్క ఇరవైనాలుగే ఉంటుంది, పైకి చెప్పేశాను. ఇంతటితో పోనివ్వండి."

కాంతం చేతులు జోడించింది.

"వద్దు," అన్నది అత్తయ్య.

"అమ్మగారూ!" కాంతం ముందుకొచ్చింది. "పడవ వదిలేత్తానంటన్నారు కదండీ! మీకు పుణ్యముంటాది, ఊరుకోండి!"

"నేను ఊరుకోవచ్చు కాంతం. పడవ నాది కాదు." ఆమె మోకుల నడుమ ఉన్న మనిషి వైపు తిరిగింది. "పోలయ్యా, నీ పడవ. నువ్వే చెప్పాలి. దయ తీసుకుంటే ఈ వేళ పడవ నీ రేవులో ఉంటుంది. ఇరవైనాలుగు కూడా ఉంటుంది. వచ్చే గండికి మళ్లీ నువ్వొచ్చినా ఒక పోలయ్య రాడు. అప్పటికి వేరే ఓవర్సీరు ఉంటాడు. ఆయనకు దయ ఉంటుందో లేదో నేను చెప్పలేను. తీసుకోకపోతే ఏం జరుగుతుందో కూడా చెప్పలేను. పడవ పోవచ్చు."

పోలయ్య పడవ వైపు చూశాడు. మోకు విప్పేయడంతో అది ముక్కు ఒడ్డు బురదలో ఆని, నీటి మీద కొంచెం అడ్డం తిరిగి ఉంది. తరువాత తన పాదాల వైపు, ఇటొకటి అటొకటి ఉన్న రెండు మోకుల వైపు చూశాడు.

"దండాలండి బాబూ," అన్నాడు ఓవర్సీరుతో. "దయ చూపించేరు. కానండీ, తప్పు చేసినోడికి కదండీ దయ. నేను రాకపోయుంటే దయతలచి వదిలెయ్యాలి. నేనొచ్చేనండి. పొద్దుటి నుంచీ ఇక్కడే ఉన్నాను. ఒక్కణ్ణే ఉన్నాను. ఒక్కణ్ణే లెక్కెట్టండి."

కాంతం కొంగు నోట్లో కుక్కుకొన్నది.

ఓవర్సీరు మోకుల దగ్గరకు నడిచాడు. చూపుడువేలు చాచి కుడిచుట్టు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పద్నాలుగు అయ్యాయి, అందులో పద్నాలుగోవాడు పోలయ్య. ఎడమచుట్టుకు తిరిగి, "పదిహేను" అంటూ మళ్లీ వేలు చాచాడు. ఆ వేలు పోలయ్య గుండె మీదే ఉంది. అది కదలలేదు. పోలయ్య, "నేనేనండి," అన్నాడు నెమ్మదిగా, తప్పిపోయిన పిల్లవాడికి ఇల్లు చూపిస్తున్నట్టు.

ఆ వేలు కిందికి దిగింది. ఓవర్సీరు మళ్లీ మొదటి నుంచి ప్రారంభించాడు. నీరు మాత్రమే ఉన్నవారు పదకొండు. రెండూ ఉన్నవారు ముగ్గురు. పడవ మాత్రమే ఉన్నవారు ఏడుగురు.

"ఇరవైఒకటి," అన్నాడు. ఎవరివైపూ చూడకుండా అన్నాడు, కానీ పైకే అన్నాడు. "బంట్రోతూ, ఈ మోకు తీసుకెళ్లి ఆ పడవ కట్టెయ్. వాళ్ల రేవులోనే."

అర్థం చేసుకోండి. అక్కడ దయ అన్నది ఒకసారి వచ్చింది, దాన్ని ఒక పడవమనిషి అందరి ముందూ తిరిగి ఇచ్చేశాడు. పడవను నిలిపింది ఆ తరువాత వచ్చిన ఇరవైఒకటి. ఈ రెండింటికీ తేడా తెలియని మా ఊరివారు ఓవర్సీరు మంచితనాన్ని పాటలుగా కట్టి పాడుకొంటున్నారు. జ్ఞానమ్మ పేరు ఏ పాటలోనూ లేదు. పోలయ్య పేరు ఉంది, కాళ్లు పట్టుకొని ఏడ్చినవాడిగా.

ఆ సాయంత్రం నాన్నగారు అరుగు మీద కూర్చొని, రెండు కొబ్బరిచిప్పల నడుమ మూడో చిప్ప పెట్టారు. ఒక్కొక్క చిప్పలో నుంచి మూడేసి గింజలు తీశారు. వాటిలో మూడు నడిమి చిప్పలో వేసి, మూడు పెరట్లోకి విసిరేశారు. అత్తయ్య గుమ్మంలో నిలబడి చూసి, అంతకన్నా ఏమీ అడగలేదు. ఏకాదశీ సోమవారమూ కలిసిన ఆ రోజు ఆమె ఒక్క ఉపవాసమే చేసింది. మర్నాడు పొద్దున్నే భోజనం చేసింది.

ఇప్పుడు మీ సంగతి. మీ ఊళ్లోనూ ఎవరో రెండు చిప్పలు ఒకే పీట మీద బోర్లించే ఉంటారు, లెక్క ముచ్చటగా సరిపోయే ఉంటుంది. లేవండి. వారి దగ్గరకు వెళ్లి, రెండింటి నడుమ నిలబడినవాడి పేరేమిటో అడగండి. దయ చూపిస్తామంటారు. తీసుకోకండి. పేరు చెప్పి, వేలు దించి, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టేదాకా అక్కడి నుంచి కదలకండి.